"పుట్టుకతో వచ్చిన బుద్ధి" అని తీర్పు చెప్పేముందు

దసరా సెలవుల్లో అందరం బాబాయి వాళ్ళింట్లో కలిశాం. మధ్యాహ్నం భోజనాలప్పుడు తమ్ముడి కొడుకు, రెండో తరగతి చదువుతున్నవాడు, ఉయ్యాల దగ్గర గొడవపడి ఇంకో పిల్లాణ్ణి తోసేశాడు. ఆ పిల్లాడి మోచెయ్యి గీసుకుపోయింది. వీణ్ణి పిలిచి ఏం జరిగిందని అడిగేలోపే బాబాయి తీర్పు చెప్పేశాడు. "వాడంతే. అచ్చం మా నాన్న పోలిక. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు." పిన్ని ఒప్పుకోలేదు. "రక్తం ఏం చేస్తుందండీ, పెంపకం అలా ఏడిసింది" అంది, కోడలి వైపు చూడకుండానే. మరదలు ఖాళీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పిల్లాడు గుమ్మం పట్టుకుని నిలబడి ఇదంతా వింటున్నాడు.

నేను బాబాయితో వాదనకు దిగాను. ఆయన ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి, మాట ఊరికే వదలడు. "సరే, కాకి గూట్లో పెరిగిన కోకిల కావుకావుమంటుందా? దానికి పాట ఎవరు నేర్పార్రా?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. పెరుగన్నం కలుపుకుంటూ జవాబు చెప్పగలిగేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను నమ్మేది ఇది. జీవపరిణామం మన చేతికి తయారైన ప్రవర్తనలను ఇచ్చిన సందర్భాలు తక్కువ. ఎక్కువగా ఇచ్చింది కొన్ని విషయాలను చటుక్కున నేర్చుకునే మొగ్గు. అందుకే "అది పుట్టుకతో వచ్చింది" అన్న మాట దగ్గర చర్చ ఆగిపోకూడదు. ఆ మొగ్గుకు చుట్టుపక్కలవాళ్ళు ఏం నేర్పుతున్నారన్న ప్రశ్న అక్కడినుంచే మొదలవ్వాలి.

కోకిల ఎందుకు నేర్చుకోదు

ఆడ కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. పిల్ల కళ్ళు తెరిచేది కాకుల మధ్య, తినేది కాకి తెచ్చిన తిండి, రోజంతా వినేది కాకి అరుపు. అయినా మగపిల్ల పెద్దదై వేసవిలో కూసేది కోకిల పాటే. ఇంతవరకు బాబాయి చెప్పింది నిజం.

ఇప్పుడు ఇంకో పక్షిని చూడండి. కాలిఫోర్నియాలో తలమీద తెల్ల చారలుండే ఒక జాతి పిచ్చుకలున్నాయి. పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త 1960ల్లో వీటి పాటను అధ్యయనం చేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఒక్కో చోటి పిచ్చుకలకు ఒక్కో యాస ఉంది. పిల్లను చిన్నప్పుడే గూట్లోంచి తెచ్చి, మరే పిచ్చుకా వినిపించకుండా పెంచితే, పెద్దయ్యాక అది పాడేది సొంత జాతివాళ్ళు కూడా పాట అనుకోలేనంత అపభ్రంశంగా ఉంటుంది. పుట్టిన మొదటి యాభై రోజుల్లోపు తన జాతి పాట రికార్డు వినిపిస్తే చాలు, నెలల తర్వాత గొంతు విప్పినప్పుడు అదే పాడుతుంది. ఇంకో జాతి పిచ్చుక పాటను అలాగే రికార్డులో వినిపిస్తే పట్టించుకోదు. రెండూ వినిపిస్తే తనదాన్నే ఏరుకుంటుంది.

అంటే ఆ పిచ్చుకకు పాట పుట్టుకతో రాలేదు. ఏ పాట నేర్చుకోవాలో, ఏ వయసులో చెవి తెరిచి ఉంచాలో మాత్రం పుట్టుకతో వచ్చాయి.

మరి కోకిలకు ఈ అవసరం ఎందుకు లేదు? సొంత తల్లిదండ్రులు ఎప్పుడూ దగ్గరుండని పక్షి పాటను విని నేర్చుకోవాల్సి వస్తే, నేర్చుకునేది కాకి అరుపే. అలాంటి కోకిలకు జత దొరకదు, వంశం నిలవదు. కాబట్టి దాని పాట వినికిడితో పనిలేకుండా లోపలే స్థిరపడింది. తండ్రి పక్క కొమ్మమీదే పాడుతూ ఉండే పిచ్చుక సంగతి వేరు. అది ఊరి యాస పట్టుకుంటేనే లాభం. నేర్చుకోవడానికి ఎంత చోటు వదలాలన్నది కూడా పరిణామమే తేల్చింది. జాతికో లెక్క. మనిషి విషయంలో ఆ చోటు చాలా పెద్దది. పదిహేనేళ్ళు దాటినా పెద్దల మీద ఆధారపడే పిల్లలున్న జాతి మనది. మన గురించి మాట్లాడటానికి కోకిలను సాక్ష్యానికి పిలవడం నాకు ఒప్పదు.

మనకూ చెవి తెరుచుకుని ఉండే వయసొకటి ఉంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం తెలుగువాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లీషు మాత్రమే వినే ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకు హిందీలోని 'త', 'ట' వినిపిస్తే చాలామంది తేడా గుర్తుపట్టారు. అదే ఇళ్ళలోని పది పన్నెండు నెలల పిల్లల్లో దాదాపుగా ఆ శక్తి కనబడలేదు. తెలుగు ఇంటి పిల్లలు రోజూ వింటారు కాబట్టి నిలబెట్టుకుంటారు. విదేశాల్లో ఉన్న మా బంధువులకు "పిల్లకు మాటలొచ్చాక తెలుగు నేర్పుదాం అనుకోకండి, పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచే మాట్లాడండి" అని నేను చెప్పేది ఇందుకే. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత బాబాయి సామెత కంటే నిజానికి దగ్గరగా ఉంది. అదీ పూర్తిగా నిజం కాదని కిందికి వెళ్తే తెలుస్తుంది.

నక్కలు చెప్పే నిజం

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ రష్యా నుంచి వస్తుంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు.

1959లో ద్మీత్రి బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త నొవొసిబిర్స్క్ దగ్గర, బొచ్చు కోసం పెంచే నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలో మనిషిని చూసి తక్కువ బెదిరే, తక్కువ కరవబోయే కొన్నిటిని మాత్రమే ఎంచుకుని వాటికి సంతానం కలిగించారు. మచ్చిక చేసే శిక్షణ కావాలనే ఇవ్వలేదు. కొన్ని తరాల్లోనే మనిషి కనిపిస్తే తోక ఊపి, చేతులు నాకే నక్కలు పుట్టడం మొదలైంది. ఆయనతోపాటు పనిచేసిన ల్యుద్మీలా ట్రూట్ దశాబ్దాల పాటు దాన్ని కొనసాగించింది. దీనికి సమాంతరంగా కోపిష్టి నక్కల వంశాన్ని కూడా పెంచారు. సాధు నక్కపిల్లల్ని కోపిష్టి తల్లుల దగ్గర పెంచి చూశారు. అవి సాధువుగానే మిగిలాయి.

మనుషుల్లో కూడా, కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, స్వభావంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో చెప్పుకోదగ్గ భాగం జన్యువుల తేడాలవల్లే అని తేలుతుంది. ఇద్దరు పిల్లల్ని పెంచిన ఏ తల్లినడిగినా ఇదే చెబుతుంది. ఒకడు పుట్టినప్పటినుంచే గట్టిగా ఏడ్చేవాడు, ఇంకొకడు పక్కలో వేస్తే పడుకునేవాడు. నేను దీన్ని కాదనను. తమ్ముడి కొడుక్కి త్వరగా కోపం వచ్చే గుణం మా తాతయ్య దగ్గరినుంచి వచ్చి ఉండొచ్చు కూడా.

దాన్నుంచి "కాబట్టి మారదు" అనే చోటికి దూకడమే తప్పు. కళ్ళ సైటు సంగతి చూడండి. కవలల అధ్యయనాల్లో హ్రస్వదృష్టి బాగా వంశపారంపర్యంగా కనిపిస్తుంది. అయినా తూర్పు ఆసియా దేశాల్లో రెండు మూడు తరాల్లోనే పిల్లల్లో సైటు విపరీతంగా పెరిగిపోయింది. అంత తక్కువ కాలంలో జన్యువులు మారవు. మారింది చదువుల ఒత్తిడి, పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకునే గంటలు, ఎండలో ఆడుకునే సమయం. పిల్లల్ని బయట ఎక్కువసేపు ఉంచితే సైటు రావడం తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. పైగా కళ్ళజోడు పెట్టుకుంటే బోర్డు కనిపిస్తుంది. "నాన్నకు సైటుంది, వీడికీ వచ్చింది, వీడి రాత ఇంతే" అని ఏ తండ్రీ పిల్లాణ్ణి వెనక బెంచీలో వదిలెయ్యడు. కోపం విషయంలో మాత్రం వదిలేస్తాం.

నక్కల ప్రయోగంలో ఇంకో మాట కూడా ఉంది. అక్కడ తరం తరంలో కఠినంగా ఏరి, మిగిలినవాటికి సంతానం లేకుండా చేశారు. మన ఇళ్ళలో అలాంటి ఏరివేత ఏదీ జరగలేదు. "ఆ వంశమే అంత", "ఆ ఊరివాళ్ళే అంత" అనడానికి ఆ నక్కలను అరువు తెచ్చుకోవడం కుదరదు.

కోపిష్టి కోతులు, సాధు కోతులు

రీసస్ కోతులు పోట్లాటకు పెట్టింది పేరు. వాటి దగ్గరి బంధువులైన పొట్టితోక కోతులు అలా కాదు. అవీ పోట్లాడుకుంటాయి గానీ వెంటనే దగ్గరికి చేరి రాజీపడతాయి. 1990ల మొదట్లో ఫ్రాన్స్ డి వాల్, డెనిస్ జొహనోవిచ్ కలిసి ఎదిగే వయసులోని రీసస్ పిల్లల్ని ఐదు నెలలపాటు పొట్టితోక కోతులతో కలిపి ఉంచారు. రీసస్ పిల్లల్లో గొడవ తర్వాత రాజీపడటం సుమారు మూడింతలైంది. తర్వాత పొట్టితోక కోతుల్ని వేరుచేసి, రీసస్ పిల్లల్ని తమలో తాము ఉండనిచ్చారు. అయినా ఆ అలవాటు పోలేదు.

ఇక్కడ ఏం మారిందో జాగ్రత్తగా గమనించాలి. గొడవ తర్వాత ఏం చెయ్యాలన్నది మారింది. అంటే కోపం వచ్చే గుణం మిగిలి ఉండగానే దాని పర్యవసానం వేరు కావచ్చు. పిల్లల విషయంలో నాకు ఇంతకంటే పనికొచ్చే ప్రయోగం ఇంకోటి తెలియదు. "కోప్పడకు" అని వందసార్లు చెప్పేకంటే, కోపం వచ్చి తోసేశాక వెళ్ళి ఆ పిల్లాడి మోచేతికి పసుపు రాయడం ఎలాగో పక్కనుండి చూపించడం ఆ వయసుకు అందే పాఠం. ఆ మధ్యాహ్నం ఆ పాఠానికి చోటుంది. పెద్దలు పుట్టుక గురించి మాట్లాడుతుండగా ఆ చోటు జారిపోయింది.

కెన్యాలో రాబర్ట్ సపోల్స్కీ చూసింది ఇంకా పెద్దది. ఆయన ఏళ్ళ తరబడి గమనిస్తున్న, బబూన్లు అనే ఆఫ్రికా కోతుల గుంపు ఒకదానిలో 1980ల నడుమ ఒక విపత్తు వచ్చింది. టూరిస్టు లాడ్జి చెత్తకుప్పలో క్షయ సోకిన మాంసం పారేశారు. అది వేరే గుంపు ఇలాకా. అక్కడికి వెళ్ళి కలబడి తినే దమ్మున్నది ఈ గుంపులోని దూకుడు మగవాటికే. అవే తిన్నాయి, చచ్చిపోయాయి. మిగిలినవి ఆడవీ, మెతక మగవీ. గుంపులో కాట్లాటలు తగ్గాయి, ఒకదానికొకటి బొచ్చు దువ్వుకోవడం పెరిగింది.

ఇంతవరకు ఇది ఏరివేత కథే. అసలు సంగతి తర్వాత ఉంది. బబూన్లలో మగపిల్లలు ఎదగ్గానే పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి. పదేళ్ళు తిరిగేసరికి ఈ గుంపులో పాత మగవి ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ బయటినుంచి వచ్చినవే, మామూలు కొట్లాట గుంపుల్లో పుట్టి పెరిగినవే. అయినా గుంపు నెమ్మదిగానే ఉంది. సపోల్స్కీ, లీసా షేర్ 2004లో దీన్ని ప్రచురించారు. కొత్తగా వచ్చిన మగవాటిని అక్కడి ఆడవి త్వరగా దగ్గరికి రానిచ్చాయి, అప్పటికే అక్కడున్న మగవి వాటిమీద అనవసరంగా పడలేదు. ఆ వాతావరణంలో కొత్తవీ మెత్తబడ్డాయి. మానై కూడా కొంత వంగుతుందనడానికి నాకు ఇది చాలు.

ఒక్క గుంపు కథే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, దీన్ని ప్రయోగశాలలో మళ్ళీ చేసి చూడలేం. కాకపోతే "ఆ జాతి మగవి అంతే" అనే మాటను కొట్టెయ్యడానికి అలా కాని గుంపు ఒక్కటి చాలు.

రక్తాన్ని నమ్మిన చట్టం

ఇదంతా భోజనాల దగ్గర కబుర్లయితే ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. బాబాయి నోట వచ్చిన మాటే ఒకప్పుడు చట్టమైంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కులవృత్తులు తండ్రినుంచి కొడుక్కి వచ్చినట్టే నేరం కూడా కొన్ని కులాల్లో వస్తుందన్నది దాని వెనకున్న నమ్మకం. 1911 నాటి సవరించిన చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ పాకింది. ఆ తెగలో పుడితే చాలు, ఏ తప్పూ చెయ్యకపోయినా పోలీసు రిజిస్టరులో పేరు, రోజూ హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఎరుకలవాళ్ళ కోసం ఏర్పడిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ దాన్ని నడిపింది. కావలి దగ్గరా ఇలాంటిదే ఉండేది.

ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళు? ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని తీరంనుంచి లోపలి ఊళ్ళకు తీసుకెళ్ళి అమ్మేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, రైళ్ళ రాక ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన మనుషుల్లో కొందరు దొంగతనాలకు దిగితే దానికి కారణం కళ్ళముందే ఉంది. దాన్ని వదిలేసి రక్తంలో వెతికారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ పేరు మాత్రం పోలేదు. మాకు తెలిసిన కుర్రాడొకడు ఉద్యోగంలో చేరాక సొంతూరు అడిగితే "బాపట్ల దగ్గర" అని ఆపేసేవాడు. ఇంకో ప్రశ్న వేస్తారేమోనని టెన్షన్. మూడో తరం చదువుకున్న కుటుంబం వాళ్ళది.

పుట్టుకతో వచ్చిందని ఒకసారి నమ్మితే ఇక నేర్పే బాధ్యత ఎవరికీ ఉండదు. కాపలా కాయడమే మిగులుతుంది. ఆ మాట మీద నాకింత కోపం అందుకే.

అలాగని తల్లి మీద వెయ్యకండి

పిన్ని వాదన మొదట వింటే నా వాదనలాగే అనిపిస్తుంది. అంతా పెంపకమే అంటోంది కదా. కానీ అది కూడా అంతే ప్రమాదకరం. 1950, 60ల్లో అమెరికాలో పేరున్న వైద్యులే, తల్లి ప్రేమగా దగ్గరికి తీసుకోకపోవడంవల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని చెప్పారు. ఎందరో తల్లులు ఆ నిందను మోశారు. తర్వాత అది పూర్తిగా తప్పని తేలింది. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా ఎక్కువ. "రక్తంలో ఉంది" అన్న మాట ఆ తల్లులకు ఊరట ఇచ్చింది. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నా వాదనను కొంచెం వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది. జన్యువుల మాట ఎప్పుడూ శిక్షే కాదు, కొన్నిసార్లు న్యాయం కూడా.

పైగా మన ఇళ్ళలో పెంపకం అంటే తల్లి అనే అర్థం. పిల్లాడు నేర్చుకునేది మాత్రం ఇంట్లో అందరి దగ్గరా. తమ్ముడు ఫోన్‌లో కింద పనిచేసేవాళ్ళను ఎలా కసురుతాడో వాడు రోజూ వింటాడు. క్రికెట్‌లో అవుటైతే బ్యాటు విసిరే పెద్ద పిల్లల్ని చూస్తాడు. "తాత పోలిక" అని ముసిముసిగా మెచ్చుకోలుగా అనే బాబాయి గొంతూ వింటాడు. ఆ గొంతులో గర్వం ఉందని ఎనిమిదేళ్ళ పిల్లాడికి తెలియదనుకోవడానికి లేదు.

పాము భయం, కరెంటు భయం

నేర్చుకునే మొగ్గు అంటే ఏమిటో అన్నిటికంటే స్పష్టంగా చూపించింది సుసాన్ మినెకా. 1980ల్లో విస్కాన్సిన్‌లో ఆమె బృందం రీసస్ కోతులతో పనిచేసింది. అడవిలో పెరిగిన కోతులకు పామంటే హడల్. ల్యాబ్‌లో పుట్టిన కోతులకు అసలు భయం లేదు, పాము మీదుగా చెయ్యి చాపి తిండి అందుకునేవి. ఈ ల్యాబ్ కోతులకు, పామును చూసి బెదిరిపోతున్న కోతిని కాసేపు చూపించారు. కొద్దిసార్లకే ఇవీ భయపడటం నేర్చుకున్నాయి, నెలల తర్వాతా మర్చిపోలేదు. తర్వాత అలాంటి దృశ్యం వీడియోను మార్చి, అదే కోతి పువ్వుల్ని చూసి బెదిరిపోతున్నట్టు చూపించారు. పువ్వులంటే భయం ఏ కోతికీ పట్టలేదు. బొమ్మ పాము, బొమ్మ మొసలి అయితే పట్టింది. పువ్వులు, బొమ్మ కుందేలు అయితే లేదు.

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. ముందుగా, పాము దగ్గర నిబ్బరంగా ఉన్న కోతిని కొన్నిసార్లు చూపించి, ఆ తర్వాత బెదిరే కోతిని చూపిస్తే, చాలావాటికి భయం అంటుకోలేదు. మొదట చూసింది నిబ్బరమైతే అదే టీకాలా పనిచేసింది.

మా అమ్మమ్మ ఊళ్ళో ఏ పాము కనబడినా కర్రలతో బయల్దేరేవాళ్ళు. చెరువుగట్టు మీద నీరుకట్టె, గాదె కింద ఎలకలు తినే జెర్రిపోతు, విషం లేని ఈ రెండే ఎక్కువగా చచ్చేవి. అమ్మమ్మ ఒక్కతే "అది నీరుకట్టె, పోనీండిరా" అనేది. ఆమె పక్కన పెరిగిన నాకూ మా అక్కకూ ఇప్పటికీ పామును చూస్తే పరుగెత్తాలనిపించదు. ముందు ఏ పామో చూస్తాం. దూరంగా నిలబడి చూస్తాం, అదీ ఆమె నేర్పిందే.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. భయం తక్కువై చనిపోవడం లేదు వాళ్ళు. భయం ఉంది, తెలివిడి లేదు. చీకట్లో టార్చి లేకుండా పొలానికి వెళ్ళడం, కాటు తర్వాత మంత్రగాడి దగ్గర గంటలు పోగొట్టుకోవడం, కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా లేవని ఊరుకోవడం. పరిణామం బెదరడం వరకే సులువు చేసింది. మిగిలింది మనం నేర్పాలి.

అదే రైతు పొలంలో మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర తడి కాళ్ళతో నిలబడి, మెయిన్ ఆపకుండా ఫ్యూజు తీగ సర్దుతాడు. పామును చూస్తే ఎగిరి గంతేసే మనిషికి తెగి వేలాడే తీగను చూస్తే ఒళ్ళు జలదరించదు. తప్పు అతనిది కాదు. పాములు కోతుల పూర్వీకుల కాలం నుంచీ ఉన్నాయి. కరెంటు మన పల్లెలకు వచ్చి మూడు నాలుగు తరాలే అయింది. అంత తక్కువ కాలంలో ఏ మొగ్గూ పుట్టదు. బైకు వేగం, చక్కెర, పురుగుమందు డబ్బా, అన్నీ ఈ జాబితాలోవే. ఇక్కడ సహజమైన జంకు వస్తుందని ఎదురుచూడటం వృథా. పూర్తిగా నేర్పుడే దిక్కు.

అందుకని పల్లెటూరి బళ్ళలో నాలుగైదు తరగతుల్లోనే ఈ రెండు పాఠాలూ చేతులతో చేయించాలని నా కోరిక. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటినీ బొమ్మల్లో గుర్తుపట్టడం, కాటు పడితే కట్లు బిగించకుండా, కోతలు పెట్టకుండా నేరుగా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళడం. రెండోది, నిజమైన స్టార్టర్ డబ్బా ఒకటి కరెంటు లేకుండా తరగతిలో పెట్టి, ముందు మెయిన్ ఆపడం, తర్వాతే చెయ్యి పెట్టడం ప్రతి పిల్లతో, ప్రతి పిల్లాడితో పదిసార్లు చేయించడం. పాము పాఠం చెప్పే టీచరు మాత్రం బొమ్మ చూసి తనే ఉలిక్కిపడే మనిషి కాకూడదు.